వీధికి పచ్చని తోరణం

పొద్దున్నే లేచి వాకిలి ఊడుస్తాం. నీళ్ళు చల్లి ముగ్గు పెడతాం. ఒక్క నిమిషం నడుం మీద చెయ్యి వేసుకు నిలబడి, మన ముగ్గును మనమే చూసుకుని తృప్తి పడతాం. బాగానే వుంది. మరి ఆ ఊడ్చిన చెత్త ఎక్కడికి పోయింది? చాలా వీధుల్లో అది వీధి చివరి ఖాళీ స్థలానికి పోతుంది. చెత్తబండి వచ్చేదాకా ఆగే ఓపిక లేక, కూర తొక్కలు పాలిథిన్ సంచిలో మూటకట్టి, అటూ ఇటూ చూసి అక్కడ విసిరేసిన చెయ్యి మనదే. నేనూ ఆ పని చేసినదాన్నే. అందుకే ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

ఇప్పటి మన వీధిని ఒక్కసారి తలుచుకోండి. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సిమెంటు రోడ్డు. పైన కరెంటు తీగలు, వాటికి వేళ్ళాడుతూ కేబుల్ తీగలు. రోడ్డు వేసినప్పుడల్లా జానెడు ఎత్తు పెంచుకుంటూ పోవడంతో పాత ఇళ్ళ అరుగులు మునిగిపోయాయి. పెద్దవాళ్ళు సాయంత్రంపూట కూర్చోవడానికి చోటే లేదు. రోహిణీకార్తెలో రాత్రి ఎనిమిది దాటినా గోడలు సెగలు కక్కుతూనే వుంటాయి. పిల్లలు ఆడుకునే చోటు లేక సెల్‌ఫోను ముందు కూర్చుంటున్నారు, కూర్చుంటే కసురుతున్నాం. ఎక్కడికి పొమ్మని కసురుతున్నామో మనకే తెలియదు.

ఇదంతా మునిసిపాలిటీవారి పని గదా అంటారు. నిజమే. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమలులోకి వచ్చింది. దానితో చేరిన పన్నెండవ షెడ్యూలులో పార్కులు, తోటలు, ఆటస్థలాలు, పట్టణాల్లో చెట్ల పెంపకం, ఇవన్నీ పట్టణ పాలక సంస్థలకు అప్పగించదగిన పనులని రాసి వుంది. కనుక అడగటం మన హక్కే. మొహమాట పడవలసిన పని లేదు. కాని వారు మొక్కలు తెచ్చి నాటించగలరు. ఏప్రిల్ నెల మిట్టమధ్యాహ్నం మన గుమ్మం ముందున్న మొక్క తల వాల్చిందని వారికెలా తెలుస్తుంది? మనకే తెలుస్తుంది. ఈ సంగతి మా వీధిలో మాకు ఆలస్యంగా అర్థమైంది.

మాది 26 ఇళ్ళ వీధి. ఒకసారి వనమహోత్సవానికి అందరం ఉత్సాహపడ్డాం. 1950లో కె.ఎం. మున్షీగారు కేంద్ర ఆహార, వ్యవసాయ మంత్రిగా వుండగా మొదలుపెట్టిన పండుగ అది. ఇప్పటికీ ఏటా జూలై మొదటి వారంలో జరుపుతారు. మేమూ పట్టుచీరలు కట్టుకుని 40 మొక్కలు నాటాం. ఫోటోలు తీయించుకున్నాం. వానలు కురిసినన్నాళ్ళు దిగులు లేదు. సంక్రాంతికి సగం మిగిలాయి. ఉగాది నాటికి లెక్కపెడితే ఏడు! మేకలు తిన్నవి కొన్ని, స్కూటరు తగిలి విరిగినవి కొన్ని, మిగతావన్నీ దాహంతో పోయినవే. “మీరు పోస్తున్నారనుకున్నాను పిన్నిగారూ” అని నేను, “నువ్వు పోస్తున్నావనుకున్నానే అమ్మాయ్” అని ఎదురింటి పిన్నిగారు. అందరి మొక్క అన్నాక ఎవరి మొక్కా కాకుండా పోయింది.

మరుసటేడు 40 నాటలేదు, 12 మాత్రమే నాటాం. ఒక్కో మొక్క రెండేసి ఇళ్ళది. ఒక ఇంటివారు ఊరెళితే రెండో ఇంటివారు చూడాలి. ఇంటి యజమానుల పేర్లు కాదు, ఆ ఇళ్ళ పిల్లల పేర్లు రేకు మీద రాసి కట్టాం. “నా మొక్క ఎండిపోతోంది” అని పిల్లవాడు గోల పెడితే ఏ తల్లి ఊరుకుంటుంది? ఇంకో సంగతి. మూల మీద బట్టలు ఇస్త్రీ చేసే అతను పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఎండలో బండి పెట్టుకుని నిలబడతాడు. ఆ మూల మొక్క అతనికి అప్పగించాం. మేమందరం మరిచిన రోజులున్నాయి గాని, అతను మరిచిన రోజు లేదు. నీడ ఎవరికి ఎక్కువ కావాలో వాళ్ళకు మొక్కను అప్పగించండి. టీ బండి కానివ్వండి, కూరలమ్మే ఆమె కానివ్వండి, ఆటోలవాళ్ళు కానివ్వండి.

ఇక పని ఎలా చెయ్యాలో చెబుతాను. రేడియోలో చెప్పేటప్పుడు గడియారం తరుముతూ వుంటుంది. ఇక్కడ కాస్త నిదానంగా చెప్పుకోవచ్చు.

గుంట వేసవిలోనే తవ్వించాలి. తవ్వబోయే ముందు మంచినీళ్ళ గొట్టం ఎటు పోతున్నదో, భూమిలో కరెంటు కేబుల్ వుందేమో, లైన్‌మన్‌నీ నీళ్ళు వదిలే అతన్నీ పిలిచి అడగండి. పలుగుపోటుకి గొట్టం పగిలితే వీధి వీధంతా మనమీద పడుతుంది. గుంట రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు వుండాలి. పై అడుగు మట్టి ఒక పక్కన, కింద మట్టి ఒక పక్కన వేసి రెండు మూడు వారాలు ఎండనివ్వాలి. వీధి అంచుల్లో తవ్వితే మట్టి కంటే ఇటుక ముక్కలూ సిమెంటు పెళ్ళలే ఎక్కువ వస్తాయి. వాటిని మళ్ళీ గుంటలో పోయకండి. పై మట్టి రెండు పాళ్ళకు బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, ఒక గుప్పెడు వేపపిండి కలిపి నింపితే చాలు. మృగశిరలో ఒక మంచి వాన పడి నేల తడిశాక, ఆరుద్రకార్తెలో నాటుకోవచ్చు.

మొక్క జానెడుది తెచ్చుకోవద్దు. ఇంట్లో తోటకైతే సరే. వీధిలో మీ భుజమంత ఎత్తుదైనా వుండాలి. అప్పుడే మేకకు తల అందదు, దారిన పోయేవాడి కంటికి ఆనుతుంది. పక్కన వెదురుకర్ర పాతి, పాత నూలుచీర అంచు చించి ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టండి. ఇనప తీగ, నైలాను తాడు అయితే కాండాన్ని కోసేస్తాయి. చుట్టూ తడికె గాని కంచె గాని తప్పదు. మునిసిపాలిటీవారి ఇనప కంచె దొరికితే అదృష్టమే. కాని నాలుగో ఏట దాన్ని విప్పించడం మరిచిపోకండి. చెట్టు లావెక్కి ఆ కంచెలోనే బిగుసుకుపోయినవి ఎన్నో చూశాను.

ఏ మొక్క అన్నదానికి ముందు తల పైకెత్తి చూడాలి. కరెంటు తీగలున్న పక్కన పెద్ద చెట్టు వద్దు. ఏటా విద్యుత్ శాఖవారు వచ్చి నడి నెత్తి మీద నరికి పోతారు, మనం ఏడుస్తాం. ఆ పక్కన నందివర్ధనం, పారిజాతం, దేవగన్నేరు, మందారం, కరివేప వంటి చిన్నవే మేలు. పారిజాతం కింద తెల్లవారుజామున పూలు రాలి వుంటే, పూజకని ఏరుకోవడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకోకుండా వుండగలరా? మా వీధిలో సగం స్నేహాలు అక్కడే కుదిరాయి. తీగలు లేని పక్కన వేప, కానుగ, పొగడ. వేప సంగతి మీకు చెప్పనక్కర లేదు. కానుగ ఆకు రాల్చినా మళ్ళీ త్వరగా చిగురిస్తుంది, నీడ చిక్కగా వుంటుంది. పొగడ నెమ్మదిగా ఎదుగుతుంది గాని, ఎదిగాక గొడుగు పట్టినట్టుంటుంది. పెద్ద చెట్లకు మధ్య ఇరవై అడుగులైనా ఎడం వుండాలి, ప్రహరీకి నాలుగడుగుల దూరం వుండాలి.

వద్దన్నవీ చెప్పాలి. రావి, మర్రి గుడి ముందు అందం గాని, గోడల పక్కన పునాదులే కదిలిస్తాయి. మునగ మన వంటింటికి ప్రాణమే. వీధిలో మాత్రం కొమ్మ పెళుసు, పైగా గొంగళిపురుగులు. బాదం ఆకులు కాల్వలను పూడ్చేస్తాయి. పచ్చగన్నేరు పూలు పూజకు బాగుంటాయి, కాని దాని గింజ విషం. పిల్లలు ఆడే చోట దాన్ని అసలు పెట్టవద్దు. తురాయి పూసినప్పుడు కళ్ళు చెదురుతాయి గాని, గాలివానకు కొమ్మ నిలవదు.

గాలివాన అంటే విశాఖపట్నం గుర్తొస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఆ ఊరి చెట్లను కుప్పలుగా కూల్చింది. తర్వాత ఊరిని తొందరగా పచ్చగా చెయ్యాలని ఏడాకుల పాల మొక్కలు విరివిగా నాటారు. అవి పెరిగాయి, కాదనను. కాని చలికాలం మొదట్లో పూతకు వచ్చేసరికి ఆ ఘాటు వాసనకు తలనొప్పి వస్తోందనీ, ఊపిరాడటం లేదనీ అక్కడివారు ఫిర్యాదులు చేశారు. కోనోకార్పస్ కథా ఇలాంటిదే. ఏ నేలలోనైనా పచ్చటి గోడలా లేస్తుందని మన ఊళ్ళన్నిటా పెట్టారు. పుప్పొడితో ఎలర్జీలనీ, వేళ్ళు నీటిగొట్టాలను, కేబుళ్ళను పాడుచేస్తున్నాయనీ చెప్పి గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటవద్దంది. తెలంగాణలోనూ హరితహారం నర్సరీల్లో దాని పెంపకం మాన్పించారు. తొందరగా పెరిగేదల్లా మంచిది కాదని మన పెద్దవాళ్ళు పిల్లల పెంపకంలో అనేవారు. మొక్కలకూ ఆ మాట వర్తిస్తుంది లెండి.

రోడ్డు వేసేవాళ్ళతో ఒక పోరాటం తప్పదు. కాండం చుట్టూ సిమెంటుతో బిగించేస్తారు. నీరు దిగక, గాలాడక చెట్టు లోలోపల చస్తుంది. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ చెట్ల విషయంలో, మొదలు చుట్టూ ఒక మీటరు మేర సిమెంటు తీసివేయాలని ఆదేశించింది. మన వీధిలో రోడ్డు పని మొదలైన రోజున మేస్త్రీకి మంచినీళ్ళిచ్చి, ఈ సంగతి చెప్పి, ఆ మీటరు జాగా వదిలించుకోండి. పని అయిపోయాక అర్జీలు పెట్టేకంటే అది తేలిక.

నీళ్ళ మాట. మాకే చాలక ట్యాంకరు తెప్పించుకుంటుంటే మొక్కలకెక్కడివి అంటారు. బియ్యం కడిగిన కడుగు, పప్పు కడిగిన నీళ్ళు, కూరలు కడిగినవి ఒక బకెట్టులో పోగుచేస్తే ఒక మొక్కకు రోజూ సరిపోతాయి. సబ్బు నీళ్ళు మాత్రం పొయ్యకండి. నీళ్ళు శుద్ధిచేసే ఆర్.ఓ. యంత్రం వదిలే నీటిలో ఉప్పు వుంటుంది; అది గచ్చు కడగడానికే వుంచండి. వేసవిలో అన్నిటికంటే బాగా పనిచేసేది మట్టికుండ. మొక్కకు అడుగు దూరంలో మూతి మాత్రం పైకి వుండేట్టు కుండ పాతిపెట్టి, నీళ్ళు నింపి, మూకుడు బోర్లించండి. కుండ గోడల్లోంచి నీరు ఊరుతూ వేళ్ళకు అందుతుంది. వారానికి రెండుసార్లు నింపితే సరిపోతుంది. రంగు వేసిన కుండ పనికిరాదు. మూకుడు ఎందుకంటే దోమల కోసం. డెంగ్యూ తెచ్చే దోమ శుభ్రమైన నీళ్ళలోనే గుడ్లు పెడుతుంది; వారం పది రోజుల్లో గుడ్డు దోమ అయిపోతుంది. కుండీల కింద పళ్ళాలూ వారానికొకసారి వంపి తుడవాలి. మొక్క పాదులో ఎండుటాకులు నాలుగువేళ్ళ మందాన పరిస్తే తడి ఆరదు. ఆకులు తగలబెట్టడం అప్పుడే మానేశాం.

ఇలా రెండు వేసవులు గట్టెక్కిస్తే మూడో వేసవికి మొక్కే మనల్ని చూసుకోవడం మొదలుపెడుతుంది. నీడలోని నేల, గోడ ఎండకు మాడేవాటి కంటే 11 నుంచి 25 డిగ్రీల దాకా చల్లగా వుండవచ్చునని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతుంది. గాలి అంత చల్లబడదు, అది వేరే మాట. అయినా పడమటి గోడకు నీడ పడితే వంటింట్లో నిలబడేవాళ్ళకు తేడా తెలుస్తుంది.

ఇప్పుడు మొదట చెప్పిన వీధి చివరి ఖాళీ స్థలం దగ్గరికి వద్దాం. అసలు కష్టమంతా అక్కడే వుంది.

ఇది మన ఒక్కరి బాధ కాదు. న్యూయార్కులో 1973లో లిజ్ క్రిస్టీ అనే ఆమె, ఆమె స్నేహితులు కలిసి బవరీ, హ్యూస్టన్ వీధుల మూలన చెత్తతో నిండిన స్థలాన్ని శుభ్రం చేసి తోట వేశారు. మరుసటేడు నగరం ఆ స్థలాన్ని నెలకు ఒక డాలరు అద్దెకు వారికే ఇచ్చింది. ఆ తోట ఆమె పేరుతో ఇప్పటికీ వుంది. ఫిలడెల్ఫియా నగరంలో అయితే పరిశోధకులు 541 పాడుబడ్డ స్థలాలు తీసుకుని, కొన్నిటిని శుభ్రంచేసి గడ్డి, నాలుగు చెట్లు, పొట్టి కొయ్యకంచె పెట్టించారు. కొన్నిటిని వున్నవి వున్నట్టే వదిలేశారు. 2018లో వచ్చిన ఫలితాల ప్రకారం, పచ్చబడిన చోట్ల పక్కనున్నవారిలో దిగులుగా వుందన్నవారు 41 శాతానికి పైగా తగ్గారు. బీద పేటల్లో తుపాకి కాల్పులు కూడా తగ్గాయి. ఫౌంటెన్లు లేవు, పాలరాతి బల్లలు లేవు. చెత్త తీశారు, గడ్డి వేశారు, అంతే.

మా వీధి చివర స్థలం నాలుగు వందల గజాలు. లేఅవుటు కాగితంలో అది పార్కు. మన రెండు రాష్ట్రాల నిబంధనల్లోనూ లేఅవుటులో కొంత భాగం ఇలా ఖాళీగా వదలాలి. కాని ఖాళీగా వున్నది ఖాళీగా ఎన్నాళ్ళుంటుంది? ముందు చెత్త పడుతుంది. చెత్త పడ్డ చోటు ఎవరిదీ కాదనిపిస్తుంది. తర్వాత ఎవరో లారీడు ఇసుక దింపుతారు, నాలుగు రోజులకని. ఆపైన ఇటుకలు. ఆపైన కాపలాకని ఒక రేకుల గది. మాకు మెలకువ వచ్చేసరికి గది కూడా వచ్చింది. మేము పోసిన చెత్తే వాళ్ళకు దారి చూపించిందని మా మామ్మగారొకరు మొహం మీదే అన్నారు. ఎవరికీ నోరు పెగల్లేదు.

అప్పుడు చేసిన పని ఇది. 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో, మా లేఅవుటు నకలు ఇమ్మని మునిసిపాలిటీకి దరఖాస్తు పెట్టాం. ముప్ఫై రోజుల్లోగా జవాబివ్వాలని ఆ చట్టంలో వుంది. నకలు చేతికి వచ్చాక 26 ఇళ్ళవాళ్ళం సంతకాలు చేసి కమిషనరుగారికి అర్జీ ఇచ్చాం. దానికి జోడించి, 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి ప్రస్తావించాం. బెంగళూరులో రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్ అనే పేటలో పార్కు కోసం వుంచిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్‌హోముకు కేటాయిస్తే, ఆ పేటవాసులు కోర్టుకెళ్ళారు. పార్కుకని వుంచిన స్థలాన్ని అలా మళ్ళించడం చెల్లదని అత్యున్నత న్యాయస్థానం చెప్పింది. మీకూ ఇలాంటి చిక్కు వస్తే ఈ మాట గుర్తుంచుకోండి. మా సంగతి అడిగితే, ఇసుకా ఇటుకలూ పోయాయి. రేకుల గది మాత్రం ఇంకా కదలలేదు, కాగితాలు తిరుగుతున్నాయి. ఈలోగా మిగతా స్థలం మేం ఖాళీగా వుంచలేదు.

చిన్న పార్కుకు పెద్ద ఖర్చు అక్కరలేదు. చెత్త తీయించి, రెండు ట్రాక్టర్ల ఎర్రమట్టి పోయించాం. చుట్టూ మోకాలెత్తు కంచె. లోపల ఎవరున్నారో రోడ్డు మీదికి కనబడాలి. ఎత్తు గోడ కడితే చీకటి పడ్డాక ఆడవాళ్ళు అడుగు పెట్టరు. పచ్చిక జోలికి పోలేదు, నీళ్ళు తాగేస్తుంది. నడవడానికి చుట్టూ మట్టిబాట, మధ్యలో పిల్లలకు ఇసుక, నీడన వీపు ఆనుకునే బల్లలు మూడు, దీపస్తంభం ఒకటి. వీపు ఆనుకునే బల్లలే ఎందుకంటే, మోకాళ్ళ నొప్పులవాళ్ళు వట్టి గట్టు మీద పది నిమిషాలు కూడా కూర్చోలేరు. ప్రవేశం దగ్గర సంపెంగ వేశాం. తాళం వెయ్యలేదు. తాళం వేస్తే చెవి ఒకరి కొంగుకు చేరుతుంది, అక్కడినుంచి రాజకీయం మొదలు.

తగాదాలు రాలేదనుకోకండి. ఒకరు ఆకు రాలుతోందన్నారు, ఒకరు కారు పెట్టుకోవడానికి అడ్డమన్నారు. వాళ్ళ గుమ్మం ఎదుట నాటకుండా వదిలేశాం. రెండేళ్ళ తర్వాత కారు ఆయనే వచ్చి, ఎండకు బండి కాలిపోతోంది, నాకూ ఒక కానుగ ఇప్పిస్తారా అన్నారు. చందాల లెక్క ఎంత చిన్నదైనా నోటుబుక్కులో రాసి, ప్రతి నెలా మొదటి శుక్రవారం పార్కు బల్ల మీదే చదివి వినిపిస్తాం. ఆ రోజు కాస్త ఆలస్యంగా వంటలవుతాయి, మావారు సర్దుకుంటున్నారు.

వచ్చే ఆరుద్రకు మీరూ నాటాలనుకుంటే, గుంటలు ఎండలు ముదిరినప్పుడే తవ్వించాలి. ముందుగా మీ వీధిలో ఎవరింట్లో పలుగూ పారా వున్నాయో కనుక్కోండి. రెండు గుంటలకు మించి మొదలుపెట్టకండి.